గుమ్మడి, జామ, జీడిపప్పు ఒకే ట్రేలో: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా ఒడిశా సరిహద్దు జిల్లాల సంతల్లో తీపి గుమ్మడి, చిలగడదుంప, కంద, పెండలం పుష్కలంగా దొరుకుతాయి. వీటిని పండ్లతోను, జీడిపప్పు, వేరుశనగ వంటి వాటితోను కలిపి కాల్చి, అన్నంలోకి ఆదరువుగా చేసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. నవంబరు నెలలో నాలుగో గురువారం వాళ్లు జరుపుకునే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు బటర్‌నట్ అనే గుమ్మడి, ఆపిల్, క్రాన్‌బెర్రీలు, పీకాన్ గింజలు కలిపి ఓవెన్‌లో కాల్చిన వంటకం ఫొటో పంపింది. ముచ్చటపడి నేను కూడా మన తీపి గుమ్మడి, చిలగడదుంప, ఆపిల్, జీడిపప్పు అన్నీ ఒకేసారి ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ట్రేలో పోసి, 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాను. గుమ్మడి నీరు ఊరి ముద్దయింది. చిలగడదుంప లోపల గట్టిగానే ఉంది. ఆపిల్ గుజ్జయింది. పైన ఉన్న జీడిపప్పు మాడి చేదెక్కింది. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: అమ్మా, మీరు రాసిన దానిలో "అన్నీ ఒకేసారి" అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఈ వంటకంలో మసాలా కంటే నీటి లెక్క ముఖ్యం. తీపి గుమ్మడిలో నూటికి 90 పాళ్లు నీరే ఉంటుంది. ఆపిల్‌లో సుమారు 85 పాళ్లు, చిలగడదుంపలో 77 పాళ్ల దాకా ఉంటుంది. జీడిపప్పులో 5 పాళ్లు మాత్రమే. ముక్క పైభాగాన తడి ఉన్నంతసేపూ, ఓవెన్ వేడి ఎంత పెంచినా, ఆ ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు; రంగు మారి కమ్మని వాసన రావాలంటే పైపొర 140 డిగ్రీలకు పైబడి వేడెక్కాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే వాటిలోంచి వచ్చిన ఆవిరి బయటికి పోయే దారి లేక అక్కడే తిరుగుతుంది, కాబట్టి అవి కాలవు, ఉడుకుతాయి. మీ గుమ్మడికి జరిగింది అదే. జీడిపప్పులో ఎగరడానికి నీరు లేదు, సగానికి దగ్గరగా కొవ్వు ఉంది, అందువల్ల అది ఎనిమిది, పది నిమిషాల్లోనే వేగిపోతుంది. మీరు దాన్ని 40 నిమిషాలు ఉంచారు.

నలుగురికి సరిపోయే కొలత చెబుతాను. చిలగడదుంప 250 గ్రాములు, క్యారెట్ 150 గ్రాములు, గట్టి తీపి గుమ్మడి 300 గ్రాములు, పుల్లని ఆపిల్ ఒకటి లేదా దోరజామ ఒకటి, జీడిపప్పు 40 గ్రాములు, నూనె రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ఒక చిన్న చెంచా. చిలగడదుంప, క్యారెట్ ముక్కలను బొటనవేలి కొస అంత, గుమ్మడి ముక్కలను అంతకు కొంచెం పెద్దవిగా కోయండి. గుమ్మడి త్వరగా మెత్తబడుతుంది కనుక ముక్క పెద్దదిగా ఉండటమే మంచిది. కడిగిన తరువాత పొడిబట్ట పరచి ముక్కలను అద్ది తుడవండి. ఈ పనికి రెండు నిమిషాలు కూడా పట్టదు, కానీ తుడవకుండా వేస్తే ఆ తడి ఎగిరే దాకా రంగు రాదు. ఉప్పు ముందుగా కలిపి ఉంచకండి. ఉప్పు తగలగానే గుమ్మడి నీరు విడుస్తుంది, కాబట్టి నూనె, ఉప్పు రెండూ ట్రేలోకి వెళ్లే ముందే పట్టించాలి.

ఓటీజీలో కిందా పైనా రెండు రాడ్లూ వేసి, 210 డిగ్రీలకు పెట్టి, పదిహేను నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. మధ్య అరలో ట్రే పెట్టండి. మొదట చిలగడదుంప, క్యారెట్ ముక్కలు మాత్రమే వేసి పది నిమిషాలు ఉంచండి. తరువాత ట్రే బయటికి తీసి, ముక్కలను తిరగేసి, గుమ్మడి ముక్కలను ఖాళీల్లో సర్దండి. మరో పన్నెండు నిమిషాలకు ఆపిల్ లేదా జామ ముక్కలు వేయండి. ఇంకో ఎనిమిది నిమిషాలకు జీడిపప్పు చల్లి, అయిదారు నిమిషాలు కన్నార్పకుండా చూడండి. మొత్తం 35, 40 నిమిషాల్లో పని అవుతుంది. మీ ట్రే చిన్నదైతే రెండు వాయిలుగా కాల్చుకోవాలి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు సందు కనిపించకపోతే మళ్లీ ముద్దే మిగులుతుంది.

చిలగడదుంప గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. అందులోని పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైము సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేస్తుంది; వేడి అంతకు మించితే అది పనిచేయడం మానేస్తుంది. దుంపను ముక్కలు చేసి పెద్ద వేడిలో పెడితే ఆ దశ త్వరగా దాటిపోతుంది. దుంపను తోలుతో సహా వేడి బూడిదలో కప్పి ఉంచితే ఆ వేడి నిదానంగా లోపలికి దిగుతుంది, అందుకే పొయ్యిలో కాల్చిన దుంపకు అంత తీపి. తీపి బాగా కావాలనుకునేవారు దుంపను నిలువునా రెండు బద్దలుగా చీల్చి, ఓవెన్ వేడెక్కకముందే లోపల పెట్టి, వేడెక్కే ఆ పదిహేను నిమిషాలూ దానితో పాటే ఉండనిచ్చి, ఆ తరువాత ముక్కలు కోసుకోవచ్చు. నాకు ఈ పద్ధతే ఇష్టం.

అమెరికాలో ఈ వంటకం మీద మేపుల్ సిరప్ అనే తీపి పాకం పోస్తారు. మీరు దాని బదులు తేనె గాని బెల్లం గాని పోయవద్దనే చెబుతాను. గుమ్మడి, చిలగడదుంప, ఆపిల్, మూడూ తీపి సరుకులే. దానిమీద ఇంకా తీపి పోస్తే అది పప్పన్నం పక్కన కూర్చోదు. పైగా తేనె, బెల్లం ట్రేకు అంటుకొని ముందుగా మాడతాయి. దీనికి కావలసింది పులుపు. ట్రే బయటికి తీసిన తరువాత సగం నిమ్మచెక్క పిండి, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి చల్లండి. గరం మసాలా జోలికి పోకండి. చివరగా, ఓటీజీని తప్పనిసరిగా 16 ఆంపియర్ల సాకెట్‌కే తగిలించండి. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ తీగ వేసి నడిపితే తీగ వేడెక్కి ప్రమాదం.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. గ్యాస్ పొయ్యి, ఒక బరువైన ఇనుప పెనం, అమ్మమ్మ కాలం నాటి కుంపటి ఉన్నాయి. వీటితో ఇలాంటివి చేసుకోవచ్చా? లేక ఇది వేపుడుగా మారిపోతుందా?
— ఒక పాఠకురాలు, గుణుపురం

సమాధానం: నిస్సందేహంగా చేసుకోవచ్చు, మీ ఇనుప పెనం చవకరకం ఓటీజీ కంటే నమ్మకమైనది కూడా. వేపుడుకూ దీనికీ తేడా గరిటెలో ఉంది. వేపుడులో మనం అదే పనిగా కలుపుతూ ఉంటాం. ఇక్కడ ముక్కను ముట్టుకోకుండా వదిలేయాలి. పెనం బాగా వేడెక్కిన తరువాత ఒక పెద్ద చెంచా నూనె వేసి, చిలగడదుంప ముక్కలను ఒక్కొక్కటిగా చదునుగా పరచండి. మూత పెట్టి, సన్నని మంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. ఆ మూత కింది ఆవిరితో ముక్క లోపల మెత్తబడుతుంది. ఆ తరువాత మూత తీసి, మూతకు పట్టిన నీటిని పెనంలో పడనివ్వకుండా పక్కకు వంచి, మంట కాస్త పెంచి, ముక్కలను తిరగేసి, మరో నాలుగైదు నిమిషాలు కదపకండి. ముక్క పెనానికి అంటుకున్నట్టు అనిపిస్తే బలవంతంగా గీకవద్దు. పొర గట్టిపడగానే అదే వదులుతుంది. గుమ్మడికి మూత అక్కర్లేదు, దానిలో ఉన్న నీరే చాలు. దాన్ని విడిగా మరో వాయిగా కాల్చుకోండి. జామ ముక్కలు రెండు నిమిషాలు, జీడిపప్పు విడిగా సన్నసెగ మీద. అన్నీ చివర ఒక పళ్లెంలో కలపడమే.

కుంపటి ఉన్నవారు ఆ అదృష్టాన్ని వాడుకోవాలి. నిప్పులు బాగా రాజి, పైన తెల్లని బూడిద పట్టిన తరువాత చిలగడదుంపలను తోలుతో సహా ఆ బూడిదలో కప్పి, అరగంట పైగా వదిలేయండి. సన్నని కర్ర గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి, తోలు మీద అక్కడక్కడ పాకంలాంటి జిగురు చెమ్మ కనిపించాలి. మీ ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో నిప్పుల మీద వంకాయ, బంగాళాదుంప కాల్చి, ఆవనూనె, పచ్చిమిర్చి, ఉప్పుతో మెదిపే "పోడా" మీరు చూసే ఉంటారు. కాల్చిన చిలగడదుంపకు కూడా నాలుగు చుక్కల పచ్చి ఆవనూనె అద్భుతంగా కలుస్తుంది. అన్నట్టు, కుంపటిని మూసిన గదిలో వెలిగించకండి. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణాంతకం.

ప్రశ్న: శరత్కాలపు పండు గదా అని సీతాఫలం గుజ్జు కలిపి కాల్చాను. ఇంట్లో ఎవరూ రెండో ముద్ద తినలేదు, ఒకటే చేదు. ఈ కాలంలో మా దగ్గర దొరికే పండ్లలో దేనిని వాడవచ్చు, దేనిని వాడకూడదు?
— ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: సీతాఫలం గుజ్జుకు వేడి తగిలితే చేదు పుడుతుంది. దాంతో చేసే ఐస్‌క్రీములు, పానీయాలన్నీ గుజ్జును చల్లగానే కలిపి చేసేది అందుకే. దాన్ని భోజనం తరువాత పండుగానే తినండి.

కాల్చడానికి పనికొచ్చే పండుకు రెండు గుణాలు ఉండాలి: వేడికి ఆకారం చెడకూడదు, పులుపు కొంతైనా ఉండాలి. ఈ లెక్కన మీ ప్రాంతంలో మొదటి మార్కు దోరజామకే వేస్తాను. బాగా పండినది కాదు, తోలు పసుపు తిరగడం మొదలై, వేలితో నొక్కితే కొంచెం మాత్రమే లొంగే కాయ. గింజల భాగం తీసేసి, కండను వెడల్పుగా కోసి వేస్తే అంచులు గోధుమరంగుకు తిరిగి, వంటగది అంతా జామవాసన నిండుతుంది. తరువాతి స్థానం అనాసపండుది. వానలు వెళ్లేటప్పటికి చివరి పంట ఇంకా దొరుకుతూనే ఉంటుంది. అనాసలో నీరు ఎక్కువ కాబట్టి ముక్కలను జల్లెడలో కాసేపు ఉంచి, రసం కారిపోయాక (ఆ రసం తాగేయవచ్చు) కాల్చుకోండి. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ నుంచి ఆపిల్ కొత్త పంట వచ్చేది కూడా ఈ నెలల్లోనే కాబట్టి అది కూడా తాజాగా ఉంటుంది. కొనేటప్పుడు పిండిలా పొడిపొడిగా ఉండే రకం కాకుండా, కొరికితే కరకరమనే రకం చూసుకోండి.

పండిన బొప్పాయి, పండిన అరటి ట్రేలో కరిగిపోతాయి, వద్దు. దానిమ్మ గింజలను కాల్చకూడదు. వడ్డించేటప్పుడు పైన చల్లితే క్రాన్‌బెర్రీ చేసే పనిని అవే చేస్తాయి, రంగుకు రంగు, పులుపుకు పులుపు. కిస్మిస్ వేయాలనుకుంటే పావుగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టి, చివరి రెండు నిమిషాల్లో వేయండి. పొడిగా ముందే వేస్తే ఉబ్బి, నల్లబడి, చేదెక్కుతుంది.

మీరు కోరాపుట్ జిల్లా వారు కనుక ఇంకొకటి. ఈ కాలంలో మీ కొండవాలులన్నీ పసుపుపచ్చని పూలతో నింపే వలిసెలు (వెర్రినువ్వులు) ఉన్నాయి కదా, ఆ గింజలను సన్నసెగ మీద చిటపటలాడే దాకా వేయించి, ఉప్పు, ఎండుమిర్చితో ముతకగా దంచి, కాల్చిన గుమ్మడి మీద చల్లండి. జీడిపప్పు లేని లోటు ఏమాత్రం కనిపించదు.

ప్రశ్న: కార్తీకమాసమంతా మేము ఉల్లి, వెల్లుల్లి ముట్టం. మా పక్కింటి ఒడియా వారు కూడా ఈ నెలలో నియమంగా ఉంటారు. వారిని భోజనానికి పిలిచి ఈ వంటకం పెట్టవచ్చా? కంద కూడా కలపాలని ఉంది కానీ, దురద భయం.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: నేను పైన చెప్పిన దానిలో ఉల్లి, వెల్లుల్లి లేవు, వాటి అవసరమూ లేదు. అల్లం తురుము, జీలకర్ర, చిటికెడు ఇంగువ చాలు. అయితే నియమంగా ఉండే ఒడియా కుటుంబాలకు ఇంకొన్ని పట్టింపులు ఉండవచ్చు. పూరీ జగన్నాథుని వంటశాలలో ఉల్లి, వెల్లుల్లితో పాటు బంగాళాదుంప, టమాటా కూడా వాడరు. కొందరు ఇళ్లలో కూడా ఆ పద్ధతినే పాటిస్తారు. అందుచేత ఏ అనుమానానికీ తావు లేకుండా క్యారెట్, ఆపిల్ వంటివి మానేసి, గుమ్మడి, కంద, పచ్చి అరటి, కొబ్బరి ముక్కలతో చేసి, నూనెకు బదులు నెయ్యి వాడండి. ఎంత చేసినా ఏ కూర పనికొస్తుందో, ఏది పనికిరాదో ముందురోజే పక్కింటావిడను అడిగి తెలుసుకోవడం మర్యాద. అటువంటి ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు, సంతోషిస్తారు.

కంద దురదకు కారణం దానిలో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. పొడి వేడి వీటిని పూర్తిగా లొంగదీయలేదు, కనుక కందను పచ్చిగా ట్రేలో వేయకూడదు. చేతులకు నూనె రాసుకొని, తోలు మందంగా తీసి, ముక్కలు కోసి, పసుపు, చింతపండు రసం కలిపిన నీటిలో ముప్పాతిక వంతు ఉడికించి, ఆ నీటిని పారబోయండి. చిల్లుల గిన్నెలో ఆవిరి పోయే దాకా ఆరబెట్టి, అప్పుడు నెయ్యి పట్టించి కాల్చండి. ఇలా చేసిన కంద పైన కరకరలాడుతూ, లోపల వెన్నలా ఉంటుంది. ఈ ట్రేలోని దుంపలన్నిటిలో నా ఓటు దానికే. చేమదుంపకు కూడా ఇదే పద్ధతి, కానీ దాని జిగురు వల్ల ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అందుకని విడివిడిగా పరచాలి.

ప్రశ్న: నాకు మధుమేహం ఉంది. కాల్చిన చిలగడదుంప మంచిదని ఒకరు, చెడ్డదని ఒకరు చెబుతున్నారు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: ఉడికించిన చిలగడదుంప కంటే కాల్చినది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. మీ పళ్లెంలో దాన్ని రెండు మూడు ముక్కలకు పరిమితం చేసి, ఆ మేరకు అన్నం తగ్గించుకోండి. గింజలు, ఆకుకూర ఎక్కువగా పెట్టుకోండి. మీ మందుల సంగతి తెలిసిన వైద్యుణ్ణి అడగకుండా ఇంతకు మించి చెప్పడం నాకు సరికాదు.

ప్రశ్న: ఈ ధరల్లో జీడిపప్పు వారానికోసారి కూడా కష్టమే. వేరుశనగ వేస్తే బాగుంటుందా? పోయిన వానాకాలంలో దాచిన జీడిపప్పు కాస్త ముక్కిన వాసన వస్తోంది, కాల్చితే పోతుందా?
— ఒక పాఠకురాలు, కాశీనగరం

సమాధానం: ముక్కిన వాసన కాల్చినా పోదు, ఇంకా పైకి తేలుతుంది. అందులోని నూనె గాలికి, తేమకు చెడిపోయిందని అర్థం. దాన్ని పారేయడమే మంచిది. ఇకమీదట కొన్నదాన్ని గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి.

జీడిపప్పుకు పేరున్న పలాస మీకు దగ్గరే కదా. గుండు జీడిపప్పు ధర పెట్టనవసరం లేదు. బద్ద, ముక్క రకాలు చవకగా దొరుకుతాయి, రుచిలో తేడా ఏమీ ఉండదు. ముక్క రకం త్వరగా మాడుతుంది కాబట్టి ట్రేలో కాకుండా చిన్న మూకుడులో విడిగా వేయించి చివర కలపండి. వేరుశనగ నిశ్చయంగా బాగుంటుంది, ముఖ్యంగా గుమ్మడితో. వేయించి, పొట్టు ఊది, చేతితో బద్దలు చేసి వేయండి. గింజలు ఏరేటప్పుడు ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి తీసిపారేయండి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన అది పూర్తిగా నశించదు.

ప్రశ్న: మా మామగారి షష్టిపూర్తికి ముప్పై మంది వస్తున్నారు. ఈ వంటకం పెట్టాలని మా తోడికోడలి పట్టుదల. ఇంట్లో ఉన్నది ఒకే చిన్న ఓవెన్. ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: ముందురోజే పూర్తిగా చేసి పెడితే మర్నాటికి ముక్కలు చెమర్చి మెత్తబడతాయి. సగం పని మాత్రం ముందురోజు చేసుకోవచ్చు. కూరగాయలు కోసి, తుడిచి, విడివిడి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. కందను ఉడికించి ఆరబెట్టండి. జీడిపప్పు వేయించి సీసాలో పోయండి. పండ్లను మాత్రం ఆ రోజే కోయాలి, లేకపోతే నల్లబడతాయి. ముప్పై మందికి అనేక వంటకాల మధ్య తలా 100 గ్రాముల కూరగాయ ముక్కలు చాలు, అంటే పచ్చివి నాలుగున్నర కిలోల దాకా కావాలి; కాలేటప్పుడు నీరు ఎగిరి బరువు మూడో వంతు దాకా తగ్గుతుంది.

చిన్న ఓవెన్‌లో ఒక్క వాయికి అర కిలోకు మించి పట్టదు కాబట్టి, ఓవెన్ ఒక్కదాని మీద ఆధారపడితే మీరు ఉదయమంతా దాని ముందే నిలబడాలి. పీటల దగ్గర ఉండవలసిన ఇంటి కోడలికి అది కుదరదు. చిలగడదుంప, కంద వంటవాళ్ల పెద్ద ఇనుప మూకుడులో తక్కువ నూనెతో పరచి కాల్పించండి. ఓవెన్‌ను గుమ్మడికీ, జామకీ వదిలేయండి. వడ్డనకు పావుగంట ముందు అన్నీ వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరచి, నిమ్మరసం పిండి, జీడిపప్పు చల్లండి. లోతైన గిన్నెలో పోసి మూత పెడితే మూత కింద ఆవిరి పట్టి, అంతసేపూ పడ్డ శ్రమ వృథా అవుతుంది. గోరువెచ్చగా ఉన్నా ఫర్వాలేదు, ఇది పొగలు కక్కుతూ తినవలసిన వంటకం కాదు. మిగిలినదాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు నిలుస్తుంది. తినేటప్పుడు పొడి పెనం మీద వేడిచేసుకోండి, లేదా అన్నీ మెదిపి, పప్పులో కలిపి తాలింపు పెట్టండి.